జన్యు సవరణ మీద ఆశ పెట్టుకోవచ్చా? ఒక తల్లి ప్రశ్న

తులసికోట
ఆదివారం, రాత్రి 9:40

నమస్కారం. ఈ వేదికను రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. బీటా థలసీమియా మేజర్, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుక జబ్బు. ఏడో నెలలో మొదలైంది రక్తం ఎక్కించడం. ఇప్పుడు మూడు వారాలకోసారి రెండు యూనిట్లు. ఆ గురువారం బడి ఉండదు, ఆసుపత్రే. సూది ఎడమ చేతికే వేయమంటాడు, కుడిచేత్తో లెక్కలు చేసుకోవాలని. ఇన్నేళ్ల పోట్లకు ఆ చేతిలో నరం దొరకడం మానేసింది. నర్సమ్మ తట్టి తట్టి వెతుకుతుంటే ‘ఫరవాలేదు సిస్టర్, మెల్లిగా చూడండి’ అని వాడే ఆవిడకు ధైర్యం చెబుతాడు. ఇక ఒంట్లో పేరుకునే ఇనుము దిగడానికి రోజూ పరగడుపున మాత్ర. గ్లాసులో కరిగించి తాగించాక అడుగున సున్నంలా మిగులుతుంది. మళ్లీ రెండు చెంచాల నీళ్లు పోసి, తిప్పి, అదీ తాగిస్తాను. అంత చేసినా, ఇనుము నిల్వ చూపే ఫెర్రిటిన్ మొన్న 2,600 వచ్చింది.

పోయిన వారం మా ఆడపడుచు ఫోనుకు ఒక వీడియో పంపింది: ‘ఒక్క ఇంజెక్షన్‌తో థలసీమియా మాయం’. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మావారు చూసి ‘మనదాకా వచ్చినప్పుడు చూద్దాంలే’ అని అటు తిరిగి పడుకున్నారు. ఆయన్ను తప్పుపట్టను. ఇలాంటి వీడియోలు పదేళ్లుగా చూస్తున్నాం.

జన్యువులను దిద్దే ఈ వైద్యం నిజంగా ఉందా? ఉంటే మాలాంటి వాళ్లకు అందేదేనా? తెలిసినవాళ్లు తెలుగులో చెప్పండి. ఇంగ్లీషు వ్యాసాలు చదివితే సగమే అర్థమవుతోంది, ఆ సగంతోనే భయం వేస్తోంది.

గాజుపలక
ఆదివారం, రాత్రి 10:25

అమ్మా, నేను హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధనలో ఉన్నాను. డాక్టరును కాను, అది గుర్తుపెట్టుకుని చదవండి.

వైద్యం నిజం. ‘ఒక్క ఇంజెక్షన్’ అన్నది అబద్ధం.

దాని పేరు క్యాస్‌జెవీ. క్రిస్పర్ అనే జన్యు కత్తెర పద్ధతితో తయారై అనుమతి పొందిన మొదటి చికిత్స అదే. 2023 నవంబరులో బ్రిటన్ ఒప్పుకుంది. అమెరికా డిసెంబరులో సికిల్ సెల్ అనే ఇంకో రక్త జబ్బుకు, 2024 జనవరిలో థలసీమియాకు అనుమతినిచ్చింది. ఆ అనుమతులు 12 ఏళ్లు నిండినవారికే.

చాలామంది అనుకుంటారు కానీ, ఇది పాడైన జన్యువును బాగుచేయదు. కడుపులో ఉన్న బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు అది ఆగిపోయి, పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ మొదలవుతుంది. మీ అబ్బాయికి ఏడో నెలలో జబ్బు బయటపడింది అందుకే. పెరట్లో బావి ఉండేది, కుళాయి వచ్చాక మూత వేసేశారు. కుళాయి చెడిపోయింది. ఈ వైద్యం కుళాయి జోలికి పోదు, బావి మూత తీస్తుంది. ఆ మూతలాంటి జన్యువు పేరు బీసీఎల్11ఏ. రక్తకణాల్లో దాన్ని పనిచేయించే చిన్న భాగాన్ని కత్తిరిస్తారు, అంతే.

ఇక ‘ఇంజెక్షన్’ సంగతి. ముందు ఒంట్లోంచి రక్తాన్ని పుట్టించే మూలకణాలు తీయాలి. వాటిని ప్రయోగశాలకు పంపి సవరించి, పరీక్షించి తెప్పించడానికి నెలలు పడుతుంది. తిరిగి ఎక్కించే ముందు బుసల్ఫాన్ అనే గట్టి కీమో మందుతో ఎముక మజ్జలోని పాత కణాలను ఖాళీ చేస్తారు. జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రోగనిరోధక శక్తి అడుగంటుతుంది. తర్వాత పిల్లలు పుట్టకపోయే ప్రమాదమూ ఉంది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి.

ఫలితం? 2024లో అచ్చయిన పరీక్షల్లో, తగినంత కాలం గమనించిన 35 మంది థలసీమియా రోగుల్లో 32 మంది ఏడాదిపాటు రక్తం అవసరం లేకుండా గడిపారు. మా రంగంలో ఇలాంటి అంకె తరచుగా కనబడదు.

సందేహాలరావు
ఆదివారం, రాత్రి 10:41

ధర రాయడం మరిచిపోయినట్టున్నారు. 22 లక్షల డాలర్లు. ప్రకటించిన నాటి మారకంలో పద్దెనిమిది కోట్ల రూపాయల పైమాటే. ఆవిడ అడిగింది ‘మాకు అందేదేనా’ అని.

గాజుపలక
ఆదివారం, రాత్రి 10:58

మరవలేదు రావు గారూ, రాయడానికి చేతులు రాలేదు.

అమ్మా, మీరు చెప్పనిది ఒకటి అడుగుతాను. అబ్బాయికి తోబుట్టువులు ఉన్నారా? వాళ్ల మజ్జ వాడికి సరిపోతుందో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించారా? ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. కలిస్తే మజ్జ మార్పిడి ఇవాళ మన దేశంలోనే చేస్తున్నారు. పాత వైద్యమే కానీ నయం చేసే వైద్యం. కోల్ ఇండియా డబ్బుతో నడిచే థలసీమియా బాల సేవా యోజన ఈ మార్పిడికి 10 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. వయసు, ఆదాయం నిబంధనలు ఉన్నాయి, మీ ఆసుపత్రిలోనే అడగండి.

కొండదారి మాస్టారు
సోమవారం, ఉదయం 6:15

పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. మా దగ్గర థలసీమియా కన్నా సికిల్ సెల్ ఎక్కువ.

ఒక తప్పు ఒప్పుకుంటాను. ఏడో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. చలికాలం ఉదయం ప్రార్థనకు అందరూ నిలబడితే వాడు మోకాళ్లు కావలించుకుని కూర్చునేవాడు. వ్యాయామం అంటే ఎగ్గొడతాడని నేనే రెండుసార్లు ఎండలో నిలబెట్టాను. కళ్లు పచ్చగా ఉంటే కామెర్లనుకుని పసరు మందుకు పంపారు ఇంటివాళ్లు. తర్వాత రక్తపరీక్షల శిబిరం పెడితే వాడికి సికిల్ సెల్ అని తేలింది. కొడవలిలా వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని ఎముకల్లో ఆ నొప్పి పుట్టిస్తాయట. నేను నిలబెట్టింది ఆ కాళ్ల మీద.

వాడికి ఆ నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా గొట్టం మాత్రలు క్రమంగా అందిన సంవత్సరం హాజరు పట్టీలో వాడి వరుస నిండుగా ఉంది. రోడ్డు తెగి మందు రాని నెల మళ్లీ ఖాళీలు. 2047 నాటికి సికిల్ సెల్‌ను లేకుండా చేస్తామని 2023 జూలైలో కేంద్రం జాతీయ మిషన్ పెట్టింది, ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. మంచిదే. జన్యువు కత్తిరించేవాళ్లకు దండం పెడతాను కానీ, ముందు ఆ గొట్టం మాత్ర కొండ ఎక్కాలి.

టెక్సాస్ తాతయ్య
సోమవారం, ఉదయం 8:02

మాస్టారు రాసింది చదివి టీ చల్లారిపోయింది.

అయినా ఆశ వైపునుంచి ఒక మాట. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఒక పసివాడికి పుట్టుకతోనే కాలేయంలో సీపీఎస్1 అనే ఎంజైము లేదు. తిన్న ప్రోటీను అమ్మోనియాగా మారి మెదడుకు ఎక్కే జబ్బు. వాడి జన్యువులో తప్పిన ఆ ఒక్క అక్షరానికే సరిపోయే మందు ఆరు నెలల్లో తయారుచేసి 2025 ఫిబ్రవరిలో మొదటి మోతాదు ఇచ్చారు. మూలకణాలు తీయడం, కీమో, ఏమీ లేవు. కొవ్వు బిందువుల్లో పెట్టి సెలైన్‌లా నరంలోకి ఎక్కించారు. పూర్తిగా నయమైందని వాళ్లూ అనడం లేదు. మందులు తగ్గాయి, ప్రోటీను కాస్త ఎక్కువ పెట్టగలుగుతున్నారు, ఇంటికి వెళ్లాడు. ఆ పని చేసిన ఇద్దరు డాక్టర్లలో ఒకరు కిరణ్ ముసునూరు. పేరు చెప్పగానే మా ఆవిడ ‘ఏ ఊరు వాళ్లట?’ అంది. మనకు ముందు అది కావాలి!

సందేహాలరావు
సోమవారం, ఉదయం 9:30

తాతయ్య గారూ, అదే ఫిలడెల్ఫియాలో 1999లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. జెస్సీ గెల్సింగర్, 18 ఏళ్లు. ఆ కుర్రాడిదీ అమ్మోనియా పేరుకునే జబ్బే. ఆహార నియమాలతో, మందులతో బతుకుతున్నవాడు. వైరస్ ద్వారా జన్యువు పంపే ప్రయోగంలో స్వచ్ఛందంగా చేరాడు. నాలుగు రోజుల్లో చనిపోయాడు. మొన్న 2023లో అమెరికా క్యాస్‌జెవీతో పాటే అనుమతించిన లిఫ్‌జీనియా అనే సికిల్ సెల్ చికిత్సకు రక్త క్యాన్సర్ హెచ్చరిక పెట్టింది. బీటీ పత్తి వచ్చినప్పుడూ మా వరంగల్ వైపు ఇలాగే అద్భుతాలు చెప్పారు. అద్భుతం అన్న మాట వినగానే నా చేయి జేబు మీదకు పోతుంది.

గాజుపలక
సోమవారం, మధ్యాహ్నం 1:20

రావు గారూ, గెల్సింగర్ సంగతి మీరు గుర్తుచేయడం సబబే. మా విద్యార్థులకు ముందు ఆ పేరే చెబుతాం. ఆ దెబ్బకు ఈ రంగం ఏళ్ల తరబడి కుంటుపడింది. ఆ ఊళ్లోనే, అదే తరహా జబ్బున్న పసివాడు పాతికేళ్లకు ఇంటికి వెళ్లాడంటే మధ్యలో నేర్చుకున్నది తక్కువ కాదు.

కానీ లిఫ్‌జీనియాను దీనితో కలపకండి. అది సవరణ కాదు. వైరస్ సాయంతో అదనపు జన్యువును చేర్చడం. ఆ జన్యువు ఎక్కడ దిగుతుందో మన చేతిలో లేదు, క్యాన్సర్ భయం అక్కడిది. క్రిస్పర్ ఫలానా చోటికి వెళ్లి కోస్తుంది. దాని భయం వేరు: అచ్చం అలాగే ఉండే ఇంకో జన్యు అక్షరాల వరుస దగ్గర పొరపాటున కోయడం. అందుకే ఈ చికిత్స తీసుకున్నవాళ్లను పదిహేనేళ్లు గమనించాలని పెట్టారు. సికిల్ సెల్‌కు అమెరికాలో మొదటగా తీసుకున్న విక్టోరియా గ్రేకు 2019లో చేశారు. ఏడేళ్లు కావస్తోంది. అంటే పదిహేనేళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు.

పత్తి సంగతి ఇక్కడ వద్దు, పుణ్యముంటుంది.

పొలంగట్టు
సోమవారం, మధ్యాహ్నం 2:05

పత్తి వద్దంటే వరి మాట్లాడుకుందాం. 2025 మేలో ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటి మన రాజేంద్రనగర్ వరి సంస్థ సాంబ మసూరి నుంచి చేసిందే. రెండోది కాటన్‌దొర సన్నాల నుంచి. తినే అన్నంలోకి వచ్చినప్పుడు ఒంట్లోకి రావడానికి ఇంత చర్చ ఎందుకు?

వేదిక నిర్వాహకులు
సోమవారం, మధ్యాహ్నం 2:30

వరి మీద వేరే చర్చ తెరిచాం, పొలంగట్టు గారి తదుపరి ఆరు వ్యాఖ్యలు అక్కడికి మార్చాం. ఇక్కడ వ్యాధుల సంగతే రాయండి.

మేనమామ
సోమవారం, సాయంత్రం 6:48

నేను అక్క కూతురిని చేసుకున్నాను, పిల్లలిద్దరూ బాగున్నారు. ఏ జన్యువుల మాట వచ్చినా చివరికి మేనరికం మీదకే వస్తారని ముందే చెబుతున్నాను.

గాజుపలక
సోమవారం, రాత్రి 8:10

ఎవరూ రాలేదు మేనమామ గారూ, మీరే వచ్చారు.

వచ్చారు కాబట్టి చెబుతాను. మేనరికం ఒక్కటే కాదు, తరతరాలుగా ఒకే కులంలో చేసుకున్నా దాదాపు అదే జరుగుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్‌ వాళ్లతో కలిసి 2017లో దీని మీదే రాశారు. మన వైశ్యుల్లో ఒక ఎంజైము లోపం ఎక్కువగా కనబడుతుంది. మామూలు జీవితంలో తెలియనే తెలియదు. ఆపరేషను బల్లమీద కండరాలు సడలించే ఒక మందు ఇచ్చినప్పుడు మాత్రం నిమిషాల్లో తగ్గాల్సిన ప్రభావం గంటలు ఉండిపోతుంది. దానికి జన్యు సవరణ ఎందుకు? మత్తు డాక్టరుకు ముందే చెబితే వేరే మందు వాడతారు. అన్ని జన్యు లోపాలకూ కత్తెర అక్కర్లేదు.

థలసీమియాకు కూడా అంతే. జబ్బు లేకుండానే ఆ జన్యువును మోస్తున్నారేమో చెప్పే రక్తపరీక్ష, హిమోగ్లోబిన్ ఏ2, పెళ్లికి ముందు ఇద్దరికీ చేస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

తులసికోట
సోమవారం, రాత్రి 9:15

మీరు మంచికే రాశారని తెలుసు. అయినా ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దు.

మా పెళ్లికి జాతకాలు చూశారు. ముప్పై ఆరింట ఇరవై తొమ్మిది గుణాలు కలిశాయని మా నాన్న ఊరంతా చెప్పుకున్నారు. ఏ2 ఎవరూ చూడలేదు, అలాంటిదొకటి ఉందని మాకు తెలియదు. మాది మేనరికం కాదు, దూరపు చుట్టరికం కూడా లేదు. ఎవరిని కలిసినా ‘పెళ్లికి ముందే పరీక్ష చేయించుకుంటే సరిపోయేది కదా’ అంటారు. పక్కనే మావాడు కూర్చుని ఉంటాడు. వాడికి తెలివి ఉంది. ఆ మాటకు అర్థం తను పుట్టకపోతే బాగుండేదని వాడికి తెలుసు. ఆ పరీక్ష రేపు పుట్టేవాళ్లకు. పుట్టినవాడి సంగతి నేను అడిగాను.

గాజుపలక
సోమవారం, రాత్రి 9:22

క్షమించండి అమ్మా.

ఎనిమిదో కారకం
సోమవారం, రాత్రి 11:05

నాకు హిమోఫిలియా, రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. ఇరవై ఏడేళ్లు. తులసికోట గారి వ్యాఖ్య చదివి నిద్ర మానుకుని రాస్తున్నాను.

నాకూ ఈ జబ్బు పోవాలనే ఉంది. వేలూరు సీఎంసీలో హిమోఫిలియా ఏ ఉన్న అయిదుగురికి మూలకణాల ద్వారా జన్యువు చేర్చి వైద్యం చేస్తే వాళ్లకు రక్తస్రావాలు ఆగాయని 2024 డిసెంబరులో వచ్చింది. ఆ వార్తను నా ఫోనులో దాచుకున్నాను. వాపెక్కిన మోకాలు మీద మంచుముక్కలు పెట్టుకుని అప్పుడప్పుడూ చదువుకుంటాను.

కానీ పిండంలోనే దిద్దేద్దాం అనేవాళ్లు కొందరుంటారు, వాళ్ల మాటతీరు నాకు పడదు. చైనాలో హె జియాన్‌కుయ్ 2018లో కవల ఆడపిల్లలను అలాగే పుట్టించాడు. వాళ్లకు జబ్బేమీ లేదు. తండ్రికి హెచ్‌ఐవీ ఉంది, అంతే. అది పిల్లలకు సోకకుండా చూసే పద్ధతులు అప్పటికే ఉన్నాయి. ఆరోగ్యంగా పుట్టాల్సిన పిల్లల మీద కత్తెర ఆడించి, మూడేళ్లు జైలుకు వెళ్లాడు. అతను శిక్ష పూర్తిచేసుకుని బయటికి వచ్చాడు. ఆ పిల్లలు మాత్రం ఆ మార్పును జీవితాంతం మోయాలి, రేపు వాళ్ల పిల్లలకూ ఇవ్వొచ్చు.

సందేహాలరావు
మంగళవారం, ఉదయం 7:50

ఈ మాటకు నా రెండు చేతులూ ఎత్తుతున్నాను. అసలు భయం కత్తెర మీద కాదు, పట్టుకునే మన చేతి మీద. ప్యూ సంస్థ ఇరవై దేశాల్లో చేసిన సర్వే 2020లో వచ్చింది. పుట్టబోయే బిడ్డకు తీవ్రమైన జబ్బు రాకుండా జన్యువులు మార్చడం దాదాపు అన్నిచోట్లా చాలామందికి సమ్మతమే. బిడ్డ తెలివితేటలు పెంచడానికి మార్చవచ్చా అంటే మాత్రం అన్ని దేశాలూ తల అడ్డంగా ఊపాయి. ఒక్క మనం తప్ప. మన దేశంలో 64 శాతం మంది ‘చేయొచ్చు’ అన్నారు. ఆరో తరగతి పిల్లవాణ్ని ఐఐటీ ఫౌండేషన్‌లో పడేసే రాష్ట్రాల్లో విడిగా అడిగి ఉంటే ఆ అంకె ఎక్కడిదాకా పోయేదో!

టెక్సాస్ తాతయ్య
మంగళవారం, ఉదయం 8:15

సంతాన సాఫల్య కేంద్రం పక్కనే కోచింగ్ సెంటర్ బోర్డు కూడా పెడతారు లెండి. ‘పుట్టకముందే సీటు ఖాయం’.

గాజుపలక
మంగళవారం, ఉదయం 10:40

నవ్వొచ్చింది కానీ, రెండు సంగతులు. తెలివితేటలు ఒక జన్యువులో లేవు. వేల చోట్ల చిటికెడు చిటికెడుగా ఉన్నవాటిని కత్తిరించి ర్యాంకు తెప్పించడం కుదరదు. ఇక పిండాన్ని సవరించి బిడ్డను కనడాన్ని మన దేశంలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు నిషేధించాయి. తులసికోట గారి అబ్బాయి లాంటివాళ్లకు చేసేది ఒంట్లోని రక్త మూలకణాలకే, అది వాళ్లతోనే ఆగుతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి భయపడితే అసలైన రోగులు నష్టపోతారు.

ధర విషయంలో చిన్న కబురు. ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు సికిల్ సెల్ కోసం సొంత క్రిస్పర్ చికిత్స రూపొందించారు. 2025 నవంబరులో ‘బిర్సా 101’ పేరుతో ప్రకటించి, సాంకేతికతను టీకాలు తయారుచేసే సీరం సంస్థకు అప్పగించారు. వాడిన కత్తెర ప్రొటీను కూడా ఇక్కడ మెరుగుపరచిందే. ఇది ఇంకా మందుల దుకాణానికో ఆసుపత్రికో వచ్చింది కాదు, మనుషుల మీద పరీక్షలు జరగాలి. అయినా పద్దెనిమిది కోట్లను లక్షల్లోకి దించాలన్న పట్టుదలతో ఒక ప్రయోగశాల పనిచేస్తోందన్నది నాకు వీడియోల కన్నా పెద్ద వార్త.

కొండదారి మాస్టారు
మంగళవారం, రాత్రి 7:30

బిర్సా ముండా పేరు పెట్టారు కదా, ఆ మందు ముందుగా కొండలకే రావాలని మాత్రం నేను రాసిపెట్టుకుంటాను.

ఇంకొకటి. పరీక్ష చేసి ఇచ్చే కార్డుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా దగ్గర ఒక అమ్మాయికి జబ్బు లేదు, జబ్బు జన్యువు ఒకటి మాత్రమే ఉందని తేలింది. క్యారియర్ అంటారు. ఆ మాట సంతలో పడేసరికి ‘రోగం పిల్ల’ అయింది. ఖాయమైన సంబంధం తప్పిపోయింది. తప్పించుకున్న ఆ అబ్బాయి మాత్రం పరీక్ష చేయించుకోనే లేదు. కార్డు ఇచ్చేటప్పుడు దాని అర్థం ఇంటిల్లిపాదికీ వాళ్ల భాషలో చెప్పే మనిషి ఒకరు ఉండాలి. కువి, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్లు. ఆ మనిషికి జీతం ఎవరిస్తారన్నది కూడా జన్యు శాస్త్రంలోకే వస్తుందని నా అభిప్రాయం.

మేనమామ
మంగళవారం, రాత్రి 9:05

మా చిన్నవాడికి సంబంధాలు చూస్తున్నాం. ఈ ఏ2 పరీక్ష ఎక్కడైనా చేస్తారా? మా ఆవిడ అడగమంది.

గాజుపలక
మంగళవారం, రాత్రి 9:20

హెచ్‌పీఎల్‌సీ అని చెప్పండి, పెద్ద ల్యాబుల్లో చేస్తారు. ఏ2 మూడున్నర శాతం దాటితే డాక్టరుకు చూపించండి. అయితే అమ్మాయి వాళ్లను అడిగేముందు మీ అబ్బాయికి చేయించండి.

తులసికోట
శుక్రవారం, మధ్యాహ్నం 3:10

నిన్న మా గురువారం. మీరంతా రాసింది కాగితం మీద రాసుకుని డాక్టరు గారికి చూపించాను. ఆయన ఓపికగా చదివారు. క్యాస్‌జెవీ గురించి ‘మీవాడు దాన్ని చూస్తాడు, నేను రిటైరయ్యేలోపే నేనూ చూస్తాను. కానీ దానికోసం ఎదురుచూస్తూ ఇనుమును వదిలేస్తే గుండె ఎదురుచూడదు’ అన్నారు. మాత్ర మోతాదు పెంచారు. బుసల్ఫాన్ భయం మజ్జ మార్పిడికీ ఉంటుందట, అదీ దాచకుండా చెప్పారు.

గాజుపలక గారు అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను, ఆ రోజు సిగ్గేసి రాయలేదు. మాకు తొమ్మిదేళ్ల పాప ఉంది. కడుపులో ఉండగానే పరీక్ష చేయించాం, తనకు జబ్బు లేదు. హెచ్‌ఎల్‌ఏ మాత్రం చేయించలేదు. అయిదేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో అడిగితే ‘ఆడపిల్ల, తన ఒంట్లోంచి తీయడం ఎందుకు’ అని పెద్దవాళ్లు అడ్డం పడ్డారు. మేమూ ఊరుకున్నాం. చిన్న వయసులో అయితే ఇంకా మంచిదని డాక్టరు గారు అన్నప్పుడు మావారు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు.

నిన్న పాప బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి తీసుకున్నారు. ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇంటికి వస్తుంటే ఆటోలో అడిగింది, ‘అన్నయ్యకు నా ఎముకలోది ఇస్తే నేను పొట్టిగా అయిపోతానా?’ అని. అవవని చెప్పాను. వాళ్లన్నయ్యా చెప్పాడు. నమ్మలేదు. ఇంటికి రాగానే వంటింటి తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి, తల మీద స్కేలు పెట్టించుకుని పెన్సిల్‌తో గీత గీయించుకుంది. కింద తేదీ తనే వేసుకుంది.